జిన్సీకి పూచీ పడనివాళ్ళం

ఆనకట్ట దొర మా బడి హాల్లో గోడకు పటం తగిలించి, మా లోయ ఎంతమేర మునుగుతుందో చేతికర్రతో చూపించాడు. వాగు, వాగు పక్క మొక్కజొన్న చేలు, చర్చి, చర్చి వెనక మా వాళ్ళ సమాధులు, అన్నిటికీ నీలంరంగు పూసేశారు. ఆయన పేరు హాల్‌బ్రుక్. మంచి మాటకారి. నగరాలకు కరెంటు వస్తుందన్నాడు, నీళ్ళమీద పడవలు తిరుగుతాయన్నాడు, మాకు మెట్టమీద కొత్త ఇళ్ళు కట్టిస్తామన్నాడు. చచ్చినవాళ్ళను కూడా మర్యాదగా పెట్టెల్లో సర్ది తీసుకుపోతారట. చివరికి కర్ర దించి, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడిగాడు. ఆయన మాటల్ని మా చెరోకీ భాషలో చెబుతున్న జిన్సీ చూవీ, ఆ ప్రశ్నను కూడా చెప్పింది.

ఎవరూ నోరు మెదపలేదు.

ముందు వరసలో ఉన్న రెడ్‌బర్డ్ మామ లేచి, టోపీ పెట్టుకుని, దొర మొహం వైపు చూడకుండా బయటికి నడిచాడు. ఆయన వెనకే ఎకీ అవ్వ. ఆమె వెనక మిగతావాళ్ళం, ఒక్కొక్కరుగా, కుర్చీ చప్పుడు కూడా రానీకుండా వచ్చేశాం. మా లోయలో ఒక మనిషిని ఛీకొట్టడానికి అంతకు మించిన పద్ధతి లేదు. ఎదుటివాడి మొహంమీదే కాదనడం మాకు మోటుతనం. వాడి పరువు వాడికి వదిలేసి లేచి వెళ్ళిపోతాం. అలా ఒకసారి లేచి వెళ్ళిపోతే మాలో ఎవడైనా నెల రోజులు తలెత్తుకోలేడు. దొరకు మాత్రం చీమ కుట్టినట్టు కూడా లేదు. మీ జనం చాలా నెమ్మదస్తులండీ, అభ్యంతరం లేదని రాసుకుంటాను అన్నాడు, పటం చుట్టుకుంటూ.

"వాళ్ళు కాదన్నారు," అంది జిన్సీ.

"ఎవరన్నారు? నాకేం వినపడలేదే."

"హాలు ఖాళీ అయింది, చూడండి."

"సభ అయిపోయింది, ఇళ్ళకు పోయారు," అన్నాడు హాల్‌బ్రుక్. ఎగతాళికి అనలేదు. నిజంగానే అలా అనుకున్నాడు. నాకు ఒళ్ళు మండేది అందుకే.

జిన్సీ పరుగున బయటికొచ్చి, లోపలికి పదండి, నోటితో చెప్పండి అని మెట్లమీద అందరి చేతులూ పట్టుకుని లాగింది. రెడ్‌బర్డ్ మామ తన బూట్ల వైపు చూస్తూ, చెప్పాం కదమ్మా అన్నాడు. ఆయన దృష్టిలో చెప్పేశాం. మా అందరి దృష్టిలోనూ చెప్పేశాం.

కోళ్ళు కోసే ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి నేరుగా ఈ సభకొచ్చిన చెల్లెళ్ళూ, కాలేజీ పిల్లలూ, మీరంతా జిన్సీ గురించి చెప్పమన్నారు. బొమ్మ గీసి ఊరేగిస్తామన్నారు. గీయండి. కానీ ఆ బొమ్మ కింద మా లోయ జనం చేసిన పని కూడా రాయాలి. నేను ఊరి పనుల్లో వంట దగ్గర గరిటె పట్టేదాన్ని, అన్నీ కళ్ళారా చూసినదాన్ని. పూలదండలు వేసి దాన్ని కప్పెయ్యనివ్వను.

జిన్సీ రెడ్‌బర్డ్ మామ అక్క కూతురు. మాలో గోత్రం తల్లినుంచే వస్తుంది, ఇంట్లో తండ్రికంటే మేనమామదే పెద్దరికం. తల్లి చిన్నప్పుడే పోతే ఆ మామే పెంచాడు, చెరువుల్లో చేప పట్టడం దగ్గర్నుంచి పాటలు కట్టడం దాకా నేర్పాడు. ప్రభుత్వం వాళ్ళ హాస్టలు బడిలో చెరోకీ మాట్లాడిందని దానికి సబ్బుతో నోరు కడిగారు. పెద్దయ్యాక కొండల్లో ఏం తింటారు, పట్నంలో పని ఇస్తామని రైలెక్కించి కాలిఫోర్నియాకు తోలారు. అక్కడ పళ్ళ డబ్బాల ఫ్యాక్టరీలో చేసి, రెండు సమ్మెలు చూసి, షుగరు జబ్బు తెచ్చుకుని, ఎవడి ముందైనా గొంతెత్తే అలవాటు కూడా తెచ్చుకుని తిరిగొచ్చింది. ఆ గొంతు మాకు కొరుకుడు పడలేదు.

అయినా దాని చలవవల్లే మా వంటిళ్ళలోకి నీళ్ళొచ్చాయి. గొట్టాలు మీరివ్వండి, తవ్వకం మేం చేసుకుంటాం అని ప్రభుత్వంతో ఒప్పందం చేసుకొచ్చింది. మమ్మల్ని ఇండియన్లనే ఆ ఇంజనీర్లు, వీళ్ళు వేళకు పనిలోకి వస్తారా అని నవ్వారు. మాకు గడుగి ఉంది. ఒకరి ఇల్లు కూలినా, ఒకరి చేను వెనకబడినా, ఒకరు చచ్చిపోయినా కూలీ నాలీ అడక్కుండా ఊరంతా దిగి చేసే పనిని గడుగి అంటాం. ఇంటింటికీ ఇంత మేర అని పంచుకుని రాతినేలను చీల్చాం. ఆడవాళ్ళం కూడా పార పట్టాం. పంపు తిప్పిన రోజు ఎకీ అవ్వ గ్లాసు పట్టి, తాగకుండా చాలాసేపు అలా చూస్తూ నిలబడింది.

ఆ ఊపులో జిన్సీని జాతి మండలికి గెలిపించాం. మా కొండల వైపునుంచి మండలిలో కూర్చున్న మొదటి ఆడమనిషి అదే. కొందరు మగవాళ్ళు సణిగారు. ఎకీ అవ్వ వాళ్ళను కూర్చోబెట్టి ఉతికి ఆరేసింది. తెల్లవాళ్ళు రాకముందు యుద్ధమా, సంధా అని మాట చెప్పింది మా ఆడవాళ్ళే, మండలిలో ఆడది కూర్చోకూడదన్న ముచ్చట మీరు ఎవరి దగ్గర నేర్చుకొచ్చారురా అని అడిగింది.

ఆనకట్ట మీద రాజధానిలో ఇంకో విచారణ పెడుతున్నారని తెలిసి, జిన్సీ అందర్నీ చర్చి పక్క పందిరి కిందకి పిలిచింది. బస్సు మాట్లాడాను, అందరూ రండి, ఒక్కొక్కరూ లేచి ఇంగ్లీషులో కాకపోతే చెరోకీలో, నోరు తెరిచి కాదనండి, చాలు అంది. పందిరి కింద గోల మొదలైంది. స్ట్రాబెర్రీ కోతలప్పుడా అని ఒకరు. వాళ్ళు ముందే తేల్చేసుకున్నారు, మనం అరిచి ఏం లాభం అని ఒకరు. పరాయివాడి ఊరికెళ్ళి వాడి మొహంమీద అలా అనడం మన పద్ధతేనా అని రెడ్‌బర్డ్ మామ మెల్లగా అడిగాడు.

"మన పద్ధతి మన మధ్యే చెల్లుతుంది మామా," అంది జిన్సీ. "తాతల నాడు ప్రభుత్వం మన ఉమ్మడి భూమిని ముక్కలు చేసి పంచుతుంటే మనవాళ్ళు ఏం చేశారు? పంపకం జాబితాకు పేరు చెప్పకుండా కొండల్లోకి వెళ్ళిపోయారు. కాదన్నామనుకున్నారు. వాళ్ళు లేనప్పుడే పేర్లు రాసేసుకుని భూమంతా కోసేశారు."

"అది వాళ్ళ పాపం. మనం మన మర్యాద తప్పలేదు."

అక్కడ దానికి సహనం పోయింది. "నువ్వు టోపీ పెట్టుకుని బయటికి నడిచినప్పుడల్లా వాడొక పొలం మింగాడు. నీకు మర్యాద మిగిలింది. మాకు కాలు పెట్టుకోడానికి నేల మిగలట్లేదు. ఇంకా చాల్లేదా నీకు?"

మేనకోడలు మేనమామను అంత జనంలో అంత మాట అనడం మా లోయలో ఎవరూ చూడలేదు. ఆ మాటకు చిన్నపిల్లలు కూడా ఆట ఆపారు. రెడ్‌బర్డ్ మామ లేచాడు. టోపీ పెట్టుకున్నాడు. బయటికి నడిచాడు.

మేమూ లేచాం. అది చెప్పింది నిజమని తెలియక కాదు. నిజం అంత గట్టిగా వినడం ఇష్టంలేక లేచాం. దొరకు అర్థం కాని ఆ పని జిన్సీకి బాగా అర్థమైంది, అది మా మనిషి కదా. పందిరి కింద ఒంటరిగా నిలబడిపోయింది. ఆ తరవాత స్ట్రాబెర్రీ చాళ్ళ పక్కకొచ్చి పలకరిస్తే ఆకులు చూసుకున్నాం. చర్చిలో దాని బల్లమీద దానికటూ ఇటూ ఖాళీ ఉండేది. రాజధానికి ఒక్కతే వెళ్ళింది. నువ్వొక్కదానివే కదమ్మా వద్దంటున్నది, మీ ఊళ్ళో ఇంకెవరికీ లేని బాధ నీకెందుకు అని అక్కడ అడిగారట.

కొన్నాళ్ళకు బుల్‌డోజర్లు వచ్చాయి. ముందు సమాధుల పక్క చెట్లు తీసేస్తారట. వాగులోంచి బండ్లు దాటే చోట జిన్సీ తన పాత పికప్పును అడ్డంగా పెట్టి, దాని ముందు భాగమ్మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది. వాలుమీద కోతల్లో ఉన్న మాకందరికీ కనపడుతూనే ఉంది. బుట్టలు దించి దిగితే వాగు దగ్గరే. ఎవరం దిగలేదు. మామ ముందు కదలకుండా మేమెలా కదులుతామని నేను అనుకున్నాను. పక్క చాల్లో ఉన్నామె కూడా అలాగే అనుకుందని తరవాత తెలిసింది.

బేడీలు వేసింది లూథర్ సండే. మా వాడే, జిన్సీ గోత్రమే, వరసకు తమ్ముడు. ఇంకో పని దొరక్క, జిల్లా పోలీసు పెద్ద షరీఫు దగ్గర డిప్యూటీగా చేరాడు.

"ఏరా లూథర్, అమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గిందా?" అని అడిగింది జిన్సీ బండి దిగుతూ.

"తగ్గిందక్కా. చేతులివ్వు."

"ఇదిగో. మందు సంచీ సీటుమీదుంది, అది మర్చిపోకు."

వాడు మర్చిపోలేదు. సంచీ తీసుకెళ్ళాడు. జైల్లో దాన్ని తాళం వేసి పెట్టారు. డాక్టరు చెబితే తప్ప సూదులు ఇవ్వడానికి వీల్లేదన్నారు, డాక్టరేమో ఎప్పుడొస్తాడో తెలియదు. జడ్జి మాత్రం పెద్ద పట్టు పట్టలేదు. ఆ లోయలో సొంత ఇల్లున్న ఇద్దరొచ్చి ఈమెకు మేం పూచీ అని నా ముందు చెబితే ఇంటికి పంపిస్తానన్నాడు.

ఇద్దరు. అంతే.

లూథర్ డ్యూటీ దిగి ఇంటింటికీ తిరిగాడు. అక్కకు ఒంట్లో బాలేదు, ఇద్దరు రండి అని చెప్పాడు. మేం వాణ్ణి కూర్చోబెట్టాం. కాఫీ ఇచ్చాం. నేను వేడివేడిగా బీన్స్ రొట్టె పెట్టాను, తిని వెళ్ళమని బలవంతం కూడా చేశాను. రామని ఒక్కరం కూడా అనలేదు. చూద్దాంలే అన్నాం, రేపు వానొచ్చేలా ఉంది అన్నాం, మామ ఏమంటాడో అన్నాం. వాడు మా పిల్లాడే కనక విషయం అర్థమై, టోపీ చేత్తో పట్టుకుని లేచి వెళ్ళిపోయాడు.

మామ తనకు కబురు రావాలని కూర్చున్నాడు. తప్పయింది మామా అని ఒక్క మాట పంపిస్తుందని చూశాడు. మేం మామ వైపు చూశాం. అలా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వారం దాటించాం. ఒక రోజు ఎకీ అవ్వ ఊతకర్రతో రెడ్‌బర్డ్ ఇంటిముందుకెళ్ళి నిలబడింది. నీ అక్క బతికుంటే నిన్ను ఈ గడప తొక్కనిచ్చేదా అని అడిగింది. అప్పుడు బండి తీశాడు. అవ్వ కూడా ఎక్కింది. పూచీకి ఇద్దరు అయ్యారు. వాళ్ళు వెళ్ళేసరికి జిన్సీని స్పృహ లేకుండా ఆసుపత్రికి మోసుకుపోయారు. మళ్ళీ కళ్ళు తెరవలేదు.

జైలు వరండాలో రెడ్‌బర్డ్ మామ మోకాళ్ళమీద టోపీ పెట్టుకుని, కడసారి ఏమంది అని లూథర్‌ను అడిగాడు. తిట్టిందని చెబుతాడేమోనని ఆశ పడ్డాడు. తిట్టినా బాగుండేది.

"పొద్దున్నా సాయంత్రం ఒకటే అడిగేది మామా. మన వాళ్ళెవరైనా వచ్చారా అని."

"నువ్వేం చెప్పావు?"

"దారిలో ఉన్నారని చెప్పా."

జిన్సీ ఇంటికొచ్చింది. పెట్టె గడుగి వాళ్ళే చేశారు. నేను పొయ్యి దగ్గరే ఉన్నాను, పంది మాంసం, హికరీ చెట్టు గింజల అంబలి, అడవి ఉల్లికాడలతో గుడ్లు, ఎంతమంది వస్తే అంతమందికి. బతికున్నప్పుడు దాని బల్లమీద కూర్చోనివాళ్ళు ఇప్పుడు పెట్టె పక్కన చోటు కోసం తోసుకున్నారు. ఆ తోపులాట చూసి నాకు అందరిమీదా, ముందు నామీద నాకే, అసహ్యం వేసింది.

గొయ్యి తవ్వాల్సిన రోజున షరీఫు టకర్ వచ్చి, ఈ సమాధుల నేల ఇప్పుడు ప్రభుత్వానిది, కొత్తగా ఎవర్నీ పూడ్చడానికి వీల్లేదు, పట్నం శ్మశానంలో చోటిస్తాం అని చెప్పి వెళ్ళాడు. ఎకీ అవ్వ పెరట్లో అందరం చేరాం. చేరగానే కొట్లాట. నువ్వెందుకు పోలేదు అంటే నువ్వెందుకు పోలేదు. నీకు పికప్పుంది కదా అంటే నీకు ఇంగ్లీషొచ్చు కదా. ఒకడు ఏడుస్తూ ఇంకొకడి చొక్కా పట్టుకున్నాడు. కోళ్ళ ఫ్యాక్టరీ కుర్రాళ్ళు కొందరు, మేం సెలవు పెడితే పని పోతుందని భయపడ్డాం అని నిజం ఒప్పుకున్నారు. అంత గొడవలో ఆ ఒక్క మాటే నాకు శుభ్రంగా వినపడింది.

"పంచుకోండిరా," అంది ఎకీ అవ్వ. "గొట్టాల కాలవ పంచుకున్నట్టు ఈ తప్పు కూడా ఇంటికింత అని పంచుకోండి. పంచుకున్నాక పార తీయండి. దాన్ని పట్నంలో పూడిస్తే నేను బతికుండగా ఒప్పుకోను."

తెల్లారి సమాధుల దగ్గర రెడ్‌బర్డ్ మామ మొదటి పార వేశాడు. నడుం లోతు వచ్చేసరికి కార్లు వచ్చాయి. షరీఫు, లూథర్, ఇంకొందరు డిప్యూటీలు, వెనకాల హాల్‌బ్రుక్ దొర. పని ఆపి పైకి రమ్మన్నాడు షరీఫు. మామ ఆపాడు. ఇప్పుడు టోపీ కోసం చూస్తాడు, పెట్టుకుని నడుస్తాడు, మేమూ నడుస్తాం అనుకున్నాను.

మామ తలెత్తి షరీఫు కళ్ళలోకి చూశాడు. మాలో పెద్దవాళ్ళు అలా చూడరు. బతుకంతా నోట్లోంచి రానివ్వని ఇంగ్లీషులో, ముక్కలు ముక్కలుగా చెప్పాడు.

"కాదు. నేను వినను. ఈమె నా అక్క కూతురు. ఇక్కడే పెడతాను."

ఆయన్ని పైకి లాగి కారెక్కించారు. కారు తలుపు పడేలోపే, మా కూతురి పెళ్ళికి కూడా నోరు తెరవని మా ఆయన గోతిలోకి దిగాడు. వినం అన్నాడు. ఆయన్నీ లాగారు. ఫ్యాక్టరీ కుర్రాడు దిగాడు. వాడి తరవాత నేను. అలా అనడం ఎంత కష్టమో చెప్పలేను. అన్నాను. నా తరవాత ఇంకొకరు. ప్రతి ఒక్కరూ నాలుగు పారల మట్టి తీయడం, ఆ మాట అనడం, కారెక్కడం. హాల్‌బ్రుక్ దొర ఇది చట్టవిరుద్ధం, వీళ్ళలో ఒక్కరు కూడా ఆనాడు అడ్డు చెప్పలేదు అని షరీఫుతో వాదిస్తూనే ఉన్నాడు.

కార్లు నిండుతున్నాయి. ఎకీ అవ్వ ఊతకర్ర పక్కన పెట్టి గోతి అంచున కూర్చుని కాళ్ళు లోపలికి జార్చింది. ఆమెను లేపమని షరీఫు లూథర్‌కు చెప్పాడు. లూథర్ అవ్వ వైపు చూశాడు, పెట్టె వైపు చూశాడు, వెనక్కి తిరిగి మాట్లాడకుండా రోడ్డు వైపు నడవసాగాడు.

"లూథర్, అలా పోకు," అంది అవ్వ. "చాలా పోయాం అలా. చెప్పి పో."

వాడు ఆగాడు. షరీఫు దగ్గరికి తిరిగొచ్చాడు. "నేను చెయ్యను," అన్నాడు. "వినపడిందా? చెయ్యను."

అవ్వను లేపడానికి మిగతా డిప్యూటీలెవరూ ముందుకు రాలేదు. కార్లలో చోటు కూడా లేదు. ఉన్నవాళ్ళతో కార్లు పట్నం పోయాయి, మిగిలినవాళ్ళు గొయ్యి పూర్తిచేశారు. మేం పట్టుబడ్డవాళ్ళం జిన్సీని దింపడం చూడలేదు. మా భాషలో కీర్తన పాడి మట్టి వేశారని, ఆ నేలను మళ్ళీ తవ్వే ధైర్యం ఎవరికుందో చూస్తామని హాల్‌బ్రుక్‌కు మొహంమీదే చెప్పారని తరవాత విన్నాను.

మర్నాడు మమ్మల్ని జడ్జి ముందు నిలబెట్టారు. కోర్టు హాలు కిక్కిరిసిపోయింది. మా లోయవాళ్ళే కాదు, పక్క లోయలవాళ్ళు, ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగి రక్తపు మరకల కోట్లతోనే వచ్చినవాళ్ళు, కాలేజీ పిల్లలు. ముసలాయన కాబట్టి ముందు రెడ్‌బర్డ్ మామను పిలిచి, ఈయనకు పూచీ పడేవాళ్ళున్నారా అని జడ్జి అడిగాడు. నేను అన్నారు ఎవరో. నేను, నేను అంటూ గోడ దాకా లేచాయి చేతులు. ఇల్లున్నవాళ్ళు, లేనివాళ్ళు అందరూ. సరే తీసుకెళ్ళండి అన్నాడు జడ్జి, త్వరగా తెమిల్చెయ్యాలని.

మామ కదల్లేదు. లూథర్‌ను పక్కన నిలబెట్టుకుని చెరోకీలో మాట్లాడాడు. లూథర్ అప్పటికి డిప్యూటీ బిళ్ళ వదిలేసి మామూలు చొక్కాలో ఉన్నాడు, ఒక్కో మాటా ఇంగ్లీషులో చెప్పాడు.

"ఈ పూచీ నాకొద్దు. ఇది జిన్సీది. మేం పూచీ అని ఇద్దరం చెబితే అది బతికేది. నేను కోపంతో కూర్చున్నాను, నన్ను చూసి వీళ్ళు కూర్చున్నారు. ఇవాళ ఇంతమంది వచ్చారని నేను ఇంటికెళ్ళి తిని పడుకోలేను. అది ఉన్న గదిలోనే నన్ను పెట్టండి. ఆ మందు సంచీకి తాళం ఎందుకేశారో చెప్పేదాకా, లోయలోంచి మీ మిషన్లు పోయేదాకా అక్కడే ఉంటాను."

నాకూ వద్దు అన్నాడు మా ఆయన. నేనూ అన్నాను. పట్టుబడ్డవాళ్ళం అందరం అన్నాం.

జడ్జికి మొహం ఎర్రబడింది. విచారణ అయిపోయింది, హాలు ఖాళీ చెయ్యండి అన్నాడు. పోలీసులు తలుపులు బార్లా తెరిచారు. మమ్మల్ని పుట్టినప్పటినుంచి ఎరిగిన కోర్టు గుమాస్తా, వీళ్ళు లేచి వెళ్ళిపోతారులే అన్నట్టు ధీమాగా కాగితాలు సర్దుకుంటున్నాడు. ముందు వరసలో ఎకీ అవ్వ ఊతకర్రను ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంది. వెనక్కి తిరిగి చూశాను. ఒక్కరు కూడా టోపీ పెట్టుకోలేదు, ఒక్క కుర్చీ కదల్లేదు.

"మేం లేవం," అంది అవ్వ, జడ్జి మొహంమీదే.